మెట్లెక్కే లిఫ్టన్న

పోయిన నెల అమీర్‌పేటలో పనిబడి, నేను ఒకప్పుడు ఉద్యోగం చేసిన బిల్డింగుకే వెళ్ళాల్సి వచ్చింది. కింద జిరాక్సు షాపు లేదు, టిఫిన్ బండి లేదు. లిఫ్టు మాత్రం ఉంది, స్టీలు తలుపులతో తళతళా మెరుస్తూ. ఎక్కి అయిదు నొక్కాను. కనపడని ఆడమనిషెవరో ఇంగ్లీషులో అంతస్తు పేరు చెప్పింది, తలుపు తెరుచుకుంది, ఎదురుగా ఎవరూ లేరు. నాకు ఉక్రోషం వచ్చింది. అయిదో అంతస్తులో తలుపు తీసి "రా బిడ్డా, లేటయినవ్" అనే మనిషి లేనప్పుడు ఈ లిఫ్టు ఇంత దూరం ఎందుకు ఎక్కినట్టు? కింద సెక్యూరిటీ అబ్బాయిని లిఫ్టన్న గురించి అడిగితే, ఇక్కడ లిఫ్టు దానంతటదే నడుస్తుంది మేడం అని నాకే పాఠం చెప్పాడు.

లిఫ్టు మనిషి లిఫ్టు లోపల కదా ఉండాలి, బయటెందుకున్నాడని మీకు అనుమానం రావచ్చు. నాకూ మొదటి రోజు వచ్చింది. ఇంకా పెద్ద అనుమానమే వచ్చింది.

సాఫ్ట్‌వేర్ అన్న మాట వినపడితే చాలు, జనం బ్యాగులు సర్దుకుని అమీర్‌పేట మీద పడుతున్న రోజులవి. నేను రాజమండ్రి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉంటూ, ఆ బిల్డింగు అయిదో అంతస్తులో ఒక కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సిలర్‌గా చేరాను. కౌన్సిలర్ అంటే, ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో వచ్చినవాళ్ళకి నమ్మకంగా చెప్పే మనిషి. నాకు ఏ ఉద్యోగమూ రాక ఆ ఉద్యోగంలో చేరానన్న సంగతి వాళ్ళకి చెప్పక్కర్లేదు.

మొదటి రోజు కింద లిఫ్టెక్కితే, ఖాకీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ళ సన్నటి మనిషి ఒకాయన బయటి గ్రిల్లు తలుపు లాగి, అయిదు నొక్కమని చెప్పి మాయమయ్యాడు. లిఫ్టు మూలుగుతూ పైకి చేరింది. అక్కడ తలుపు తీసింది కూడా ఖాకీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ళ సన్నటి మనిషే. కవలలనుకున్నాను. ఇంత చిన్న బిల్డింగులో అన్నదమ్ములిద్దరికీ పనిచ్చారంటే ఓనర్లు మంచివాళ్ళే అయ్యుంటారని సంతోషించాను కూడా. సాయంత్రం మూడో అంతస్తులో ఇంకొకరు కనపడేసరికి ఆగలేక, మీరు మొత్తం ఎంతమంది అన్నదమ్ములండీ అని అడిగేశాను. ఆయన గోడకి ఆనుకుని పడీ పడీ నవ్వాడు. ఆ ప్రశ్న వారం రోజులు బిల్డింగంతా తిరిగింది. నా పేరు తెలియనివాళ్ళు కూడా నన్ను "అన్నదమ్ముల మేడం" అన్నారు.

ఆ లిఫ్టు పాతకాలపుది. ప్రతి అంతస్తులో బయట ఒక గ్రిల్లు తలుపు, లోపల ఇంకొకటి. ఏ అంతస్తులో ఏ తలుపు సరిగ్గా పడకపోయినా లిఫ్టు అంగుళం కదలదు. ఏడు గంటల బ్యాచ్‌కి ఏడుంపావుకి వచ్చేవాడు వెనక్కి తిరిగి తలుపు వేస్తాడా? అందుకే లిఫ్టన్న ఉద్యోగం. లోపల స్టూలు మీద కూర్చుని, దిగినచోటల్లా తలుపులు తీసి వెయ్యాలి. ఆయన ఆ స్టూలుని జిరాక్సు షాపతనికి ఇచ్చేశాడు. కింద రెండు తలుపులూ మూసి, మెట్ల మీద నుంచి లిఫ్టుతో పందెం వేసుకుని ఎక్కి, పైన తలుపు తీసి నమస్తే పెట్టేవాడు. మా లిఫ్టు తాపీ మనిషి కాబట్టి ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. మధ్యలో ఎవరైనా మూడు నొక్కితే మూడులో తలుపు తీసి, మళ్ళీ అయిదుకి ఉరికేవాడు.

ఈ పరుగు సరదాకి మొదలైంది కాదు. ఆయన సనత్‌నగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళు ఇనుము మోసినవాడు. పేగుకి కేన్సరొచ్చింది. కోసి, కుట్టి, మందులెక్కించి, బతికించి, ఇక బరువులెత్తవద్దని పంపించారు. చుట్టాలంతా కలిసి కూర్చుని చేసే పని వెతికారు. లిఫ్టు దొరికింది. జబ్బు మనిషికి ఇంతకన్నా ఏం కావాలి, తను కదలక్కర్లేదు, ఆ డబ్బానే కదులుతుందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తర్వాత చూపించుకోడానికి పంజగుట్ట ఆస్పత్రికి వెళితే డాక్టరు గారు చెప్పిన మొదటి మాట, రోజంతా కూర్చోవద్దని. రోజూ గట్టిగా నడవాలి, ఆకుకూరలు తినాలి, బీడీ ముట్టకూడదు.

పొద్దున ఆరున్నర బ్యాచ్ నుంచి చివరి బ్యాచ్ దాకా స్టూలు మీద ఉండేవాడు ఎప్పుడు నడుస్తాడు? ఎక్కడ నడుస్తాడు? అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద పాంప్లెట్లు పంచేవాళ్ళ మధ్య నిలబడటానికే చోటుండదు. వారం రోజులు ఆలోచించి, తన డ్యూటీని ఆనుకునే వంద మెట్లున్నాయని కనిపెట్టాడు. మొదట రోజుకి ఒక్క అంతస్తు ఎక్కేవాడట, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కుట్లని బుజ్జగించుకుంటూ. నేను చేరేనాటికి ఏడాదిన్నర గడిచి, లిఫ్టుని ఓడించే దశకొచ్చాడు.

మా ఇన్‌స్టిట్యూట్ ఓనరే బిల్డింగు అసోసియేషన్‌కి సెక్రటరీ. నెల్లూరు వైపు మనిషి, ఎవరినీ గారు లేకుండా పిలవరు, కానీ రూలు అంటే రూలే. లిఫ్టు మనిషి లిఫ్టులో ఉండటం లేదని ఎవరో ఆయన చెవిన వేశారు. పిలిపించి సంజాయిషీ అడిగారు. లిఫ్టన్న ఆయన్ని లిఫ్టు దాకా నడిపించి లోపల అంటించిన బోర్డు చూపించాడు.

"ఆరుగురని రాసిండ్రు సార్. నేను లోపలుంటే అయిదుగురే పోతరు. నేను బయటుంటే ఆరుగురు పోతరు. తలుపులేమో అంతస్తుల్ల ఉన్నయి. లోపల కూసుండి నేనేం జెయ్యాలె?"

సెక్రటరీ గారు లెక్కల్లో పెద్ద చదువు చదివినవారు. బోర్డు వంక చూశారు, ఆయన వంక చూశారు, తప్పు దొరకలేదు. సరేలెండి, తలుపులు జాగ్రత్త అని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి లిఫ్టన్నకి మెట్ల మీద హక్కు వచ్చినట్టయింది.

హక్కు వచ్చాక అధికారం రాకుండా ఉంటుందా? మూడో అంతస్తు మలుపులో కుర్రాళ్ళు సిగరెట్లు కాల్చుకునే మూల ఒకటుండేది. రోజుకి పదిహేడు సార్లు అటుగా పరిగెత్తే మనిషి ముందు ఏ సిగరెట్టు నిలుస్తుంది? ఆయన తిట్టేవాడు కాదు. ఆగి, చొక్కా పైకెత్తి, కుట్ల గీత చూపించి, మళ్ళీ పరిగెత్తేవాడు. నెల తిరిగేసరికి ఆ మూల ఖాళీ అయింది.

తిండి విషయంలో ఇంకా ఘోరం. తనకి జొన్నరొట్టె, తోటకూర. జేబులో ఎప్పుడూ జామకాయ. మనకి తనిఖీ. లిఫ్టెక్కబోయేవాడి చేతిలో నూనె కారే పొట్లం కనిపించిందా, తలుపుకి అడ్డం నిలబడేవాడు. "ఇడ్లీ లిఫ్టెక్కుతది, బజ్జి మెట్లెక్కుతది" అన్నది ఆయన శాసనం. ఒకసారి సెక్రటరీ గారే పునుగుల పొట్లం ఫైలు కింద దాచుకుని లిఫ్టెక్కారని బిల్డింగంతా గుప్పుమంది. ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాడెవడైనా ఆశీర్వాదం కోసం వంగితే ఆయన అడిగే ఒకే ఒక్క ప్రశ్న, పొద్దున ఆకు తిన్నవా అని. తిన్నానని అబద్ధం చెప్పినవాళ్ళకి ఉద్యోగం రాలేదని కూడా ఒక పుకారు నడిచింది. నేను నమ్మాను. గోంగూర పచ్చడి ఆకుకూర కిందికే వస్తుందని వాదించి ఒప్పించాను కూడా.

జబ్బు పేరు ఆయన గుసగుసగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మా వైపు ఆ మాట అనాల్సి వస్తే చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అదేనంట" అంటారు. ఈయన లిఫ్టు ముందు క్యూలో ఉన్న ముప్పై మందికీ వినపడేలా చెప్పేవాడు. కోసి తీసేసిన పేగు పొడుగు మాత్రం రోజుకో రకంగా ఉండేది. మామూలు వాళ్ళకి జానెడు, కాస్త టెక్కు చూపించే వాళ్ళకి మూరెడు. ఒకసారి కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చి తొందరపెట్టిన పెద్దమనిషికి బారెడని చెప్పాడు. ఆ పెద్దమనిషి నోరు మూసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన బెదరడం నేను చూసింది ఒక్కసారే. దసరా సెలవులు రెండు రోజులు బిల్డింగు మూస్తామని బోర్డు పెడితే, దాని ముందు నిలబడి చాలాసేపు చదివాడు. రెండు రోజులు హాయిగా పడుకోక ఏంటి అన్నాను. అప్పుడు చెప్పాడు, ఆపరేషన్ తర్వాత ఏడు నెలలు మంచం మీద ఉన్నానని. ఇంట్లో అందరూ లేవద్దని ప్రేమగా చెప్పేవాళ్ళట, చివరికి లేవాలన్న కోరికే పోయిందట.

"మంచం మంచిది గాదు బిడ్డా. మెల్లగ గుంజుకుంటది. ఇంకో రెండున్నరేండ్లు దాటితే ఇంక ఫికర్ లేదన్నడు డాక్టరు. అప్పటిదాంక నేను దానికి దొరకొద్దు."

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆస్పత్రికి సాక్ష్యం చెప్పడానికి రమ్మని నన్ను బతిమాలాడు. సాక్ష్యం ఏంటని అడిగితే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఆస్పత్రిలో కోలుకున్నవాళ్ళ అలవాట్లు రాసుకుంటున్నారట. పోయినసారి ఒకమ్మాయి ఈయన్ని కూర్చోబెట్టి, ఏం పని చేస్తారని అడిగింది. లిఫ్టు ఆపరేటర్ అన్నాడు. కూర్చుని చేసే పని అని రాసుకుంది. ఖాళీ సమయంలో ఎంతసేపు వ్యాయామం చేస్తారంది. నాకు ఖాళీ సమయమే లేదన్నాడు. సున్నా వేసుకుంది. వేసుకుని, మీరు ఇంకా చురుగ్గా ఉండాలి అని రాసున్న కాగితం చేతిలో పెట్టింది. దాని మీద తెల్ల బూట్లేసుకుని పార్కులో నడుస్తున్న ఒకాయన బొమ్మ. లిఫ్టన్న ఆ బొమ్మని ఎంత అసహ్యంగా చూసేవాడంటే, ఆ బూట్లాయన ఈయన పొలం గట్టు జరిపినవాడేమో అనిపించేది.

సెలవు పెట్టి వెళ్ళాను. పంజగుట్టకి ఆటో వద్దన్నాడు, నడిపించాడు. ఆ అమ్మాయి మంచిదే. నేను చెప్పిందంతా విన్నది. రోజుకి పదిహేడు సార్లు, అయిదంతస్తులు, వంద మెట్లు, నేను ఒకరోజంతా నా రిజిస్టర్ వెనక గీతలు గీసి లెక్కపెట్టానని చూపించాను. ఆమె కాగితాలన్నీ తిరగేసి దిగులుగా, పనిలో చేసేది రాయడానికి ఇందులో గడి లేదండీ అంది. తీరిగ్గా పార్కులో నడిచేవాడికి గడి ఉంది, బతుకుతెరువులోనే ఎక్కి దిగేవాడికి లేదు. నాకు కోపం వచ్చింది. కౌన్సిలర్ గొంతుతో గట్టిగానే మాట్లాడాను. ఆ గోలకి పక్క గదిలోంచి డాక్టరు గారే వచ్చారు.

విషయం విని ఆయన నమ్మలేదు. నవ్వి, సరే పదండి చూద్దాం అని ఆస్పత్రి మెట్ల వైపు తిరిగారు. నలుగురం బయల్దేరాం. రెండో అంతస్తులో డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకోడానికి ఆగారు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది. మూడో అంతస్తు మలుపులో ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడితే, పై నుంచి లిఫ్టన్న తొంగి చూసి, "జర కూసుండ్రి సార్, ఏం తొందర లేదు" అన్నాడు. డాక్టరు గారు నిజంగానే మెట్టు మీద కూర్చుని, ఊపిరి అందాక కడుపారా నవ్వారు. ఆ అమ్మాయి దగ్గర కాగితం తీసుకుని పక్క ఖాళీలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. అదేంటో చెప్పమని లిఫ్టన్న నన్ను తిరుగుదారి పొడుగునా పది సార్లు అడిగాడు. ఈయన కూర్చోడు అని రాశారన్నాను. పది సార్లూ కొత్తగా విన్నట్టే విన్నాడు.

అంత వైభవం ఎక్కువ రోజులు సాగలేదు. బ్యాచ్‌లు పెరిగాయి, జనం పెరిగారు, పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టాలని అసోసియేషన్ తీర్మానించింది. తలుపులు వాటంతటవే మూసుకునే లిఫ్టు. ఇక తలుపులేసే మనిషి ఎందుకు? సెక్రటరీ గారు ఆయన్ని కూర్చోబెట్టి ఎంతో మర్యాదగా చెప్పారు. మీరు చాలా కష్టపడ్డారు, జబ్బు మనిషి, ఇకనైనా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నాకు తెలుసు. లిఫ్టన్న దండం పెట్టి లేచాడు. వెళ్ళేటప్పుడు అయిదో అంతస్తుకి ఎక్కి నాకు చెప్పాడు.

"మా ఇంట్ల ఒక్క మెట్టు సుత లేదు బిడ్డా."

రెండు వారాలు ఆయన జాడ లేదు. కొత్త లిఫ్టు సుతారంగా వచ్చేది, సుతారంగా పోయేది. బజ్జీలు యథేచ్ఛగా పైకొచ్చేవి. మూడో అంతస్తు మలుపులో మళ్ళీ పొగ లేచింది.

మూడో సోమవారం పొద్దున ఏడింటికి నేను కౌంటర్లో పేర్లు రాసుకుంటుంటే, ఎదురుగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో రెండు వందల పేజీల నోటుబుక్కు. లిఫ్టన్న. కొంచెంగా రొప్పుతున్నాడు. డెమోకి వచ్చానన్నాడు.

అమీర్‌పేట సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. అక్కడ ఏ కోర్సయినా మొదటి మూడు రోజులు డెమో. పైసా అడగరు, పేరు రాయించుకుని కూర్చోవచ్చు. నచ్చితే నాలుగో రోజు ఫీజు కట్టి చేరాలి, లేకపోతే లేచి పోవాలి. ఏ కోర్సు డెమో కావాలని అడిగాను.

"ఏదయితేంది బిడ్డా, అయిదో అంతస్తుదే గద."

అప్పుడు బయటపడింది ఆ రెండు వారాల కథ. మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. నాలుగో రోజు మంచం మీద పడ్డాడు. అయిదో రోజు భయపడి లేచి, ఎదురొచ్చిన బిల్డింగుల్లో మెట్లెక్కడం మొదలెట్టాడు. ప్రతిచోటా వాచ్‌మన్ ఆపాడు. ఎవరు, ఎక్కడికి, ఏం పని అని. ఒకచోట జేబులు కూడా వెతికారట. పని ఉన్నవాడు మెట్లెక్కితే డ్యూటీ, పని లేనివాడు ఎక్కితే దొంగ అని ఆయనకి అర్థమైంది. దిగి వస్తుంటే తలెత్తి చూశాడు. అమీర్‌పేటలో ఆకాశం కనపడకుండా బ్యానర్లు. అన్నిటి మీదా అదే ముక్క, మూడు రోజులు ఉచిత డెమో, అందరూ ఆహ్వానితులే.

డెమోకి వచ్చినవాళ్ళలో ఎంతమందిని చేర్పించానన్నదాని మీదే నా ఉద్యోగం. చేరనివాడని తెలిసీ పేరు రాస్తే నా లెక్క చెడుతుంది. అయినా రాశాను. ఆయన మొదటి బెంచీలో కూర్చుని, జావా గురించి ఫ్యాకల్టీ చెప్పిన ప్రతి ముక్కకీ తల ఊపాడు. గంటకోసారి నీళ్ళ మిషతో కిందికి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేవాడు.

అలా అమీర్‌పేటని ఏలాడు. మూడు రోజులు ఒకచోట, మూడు రోజులు ఇంకోచోట. అందరూ ఫ్యాకల్టీ ఎవరని అడిగితే, ఈయన ఎన్నో అంతస్తని అడిగేవాడు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్లంటే ఆయనకి చిన్నచూపు. ఆరేడు నెలల్లో అన్ని కోర్సుల మొదటి మూడు రోజులూ కంఠతా వచ్చేశాయి. కొత్తగా ఊరినుంచి దిగిన పిల్లలు ఏది నేర్చుకోవాలని అడిగితే, జావాలో మొదటి మూడు దినాలు మంచిగుంటుందని, నాలుగో దినం నుంచి తనకి తెలియదని నిజాయితీగా చెప్పేవాడు. ఆ ఏడు ఆస్పత్రిలో చేసిన పరీక్షలోనూ జబ్బు జాడ లేదన్నారు. డాక్టరు గారు ఇప్పుడేం పని చేస్తున్నావంటే, చదువుకుంటున్నా సార్ అన్నాడట.

మా దగ్గరికి నాలుగోసారి వచ్చినప్పుడు దొరికిపోయాం. కొత్త బ్యాచ్‌కి స్వాగతం చెప్పడానికి సెక్రటరీ గారు స్వయంగా క్లాసులోకి వచ్చారు. మొదటి బెంచీ చూసి ఆగిపోయారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. రిజిస్టర్ నా చేతిలోనే ఉంది, అందులో ఆయన పేరు నాలుగుసార్లు నా రాతలోనే ఉంది.

"ఏంటండీ, మీరిక్కడ?" అన్నారు సెక్రటరీ గారు.

లిఫ్టన్న లేచి నిలబడ్డాడు. "డెమో సార్. మూడు దినాలు ఫ్రీ, అందరు రావచ్చని మీరే బోర్డు పెట్టిండ్రు."

అరవై మంది పిల్లలు చూస్తున్నారు. పెట్టిన బోర్డు పెట్టినవారే కాదంటే ఎలా? సెక్రటరీ గారు నా వైపు ఒకసారి చూశారు. రిజిస్టర్ అడుగుతారేమోనని దాన్ని వీపు వెనక దాచుకున్నాను. ఆయన అడగలేదు. లిఫ్టన్న వైపు తిరిగి, "మరి నాలుగో రోజు ఏం చేస్తారండీ?" అన్నారు.

"నాలుగో దినం పక్క బిల్డింగుల ఉన్నది సార్. మీదానికంటె ఒక్క అంతస్తు ఎక్కువ."

క్లాసు గొల్లుమంది. సెక్రటరీ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు కానీ ఆయన భుజాలు అదురుతున్నాయి. నేను వరండాలోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాను. కాసేపటికి ఆ నీళ్ళు నవ్వువి కావని నాకే తెలిసింది. ఈ మనిషి మంచానికి దొరకడు, బతుకుతాడు అనుకున్నాను. నీళ్ళు తాగి వస్తానని లోపల ఫ్యాకల్టీకి చెప్పి, లిఫ్టన్న నన్ను దాటుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.